పెద్దమ్మ పుట్టుకకు రుజువు

కొండ వెనక అడవిలో ఆ ఏడాది వాగులన్నీ ఉగాదికే ఎండిపోయాయి. మిగిలింది ఒక్క మడుగు. దానికి ఓ పక్క రాతిగుట్ట, ఇంకో పక్క బురద. ఆ బురదలో నల్లమణి అనే అడవి గేదె. ఆ అడవికి అధ్యక్షురాలు ఆమే.

అడవిని ఏలేది సింహమని కథల్లో రాస్తారు గాని, నా ఉద్దేశంలో సింహం ఆ ఉద్యోగానికి పనికిరాదు. రోజులో ముప్పాతిక భాగం నిద్రపోతుంది, మిగతా పావు ఆకలితో ఉంటుంది. ఆకలితో ఉన్నవాడి దగ్గరికి అర్జీ పట్టుకుని ఎవడు వెళతాడు? ఈ సంగతి ఆ అడవి జంతువులకు తెలుసు. అందుకే, నెమరు వేసుకుంటూ ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే గేదెను ఎన్నుకున్నాయి. చిన్నా పెద్దా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్లు.

పెద్దమ్మ పెట్టిన చట్టం ఒక్కటే. ఎండలు తగ్గేదాకా మడుగు ఒడ్డున వేట లేదు. దప్పికతో వచ్చినవాణ్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ చట్టం ఉంది కనకే చుక్కమ్మ అనే దుప్పి, అప్పుడే ఈనిన పిల్లను వెంటబెట్టుకుని పట్టపగలు వచ్చి నీళ్లు తాగిపోతోంది. ఆ చట్టం ఉంది కనకే నక్క బావకు కంటి మీద కునుకు లేదు. మడుగులో నీళ్లు తగ్గుతున్నకొద్దీ ఆయన నోట్లో నీళ్లు ఎక్కువవుతున్నాయి.

చట్టం మంచిది కాదని అంటే నలుగురూ కొడతారు. కనక నక్క బావ చట్టాన్ని వదిలేసి, చట్టం చేసినావిడ మీద పడ్డాడు. లోకంలో ఇది పాత పద్ధతే.

మద్దిచెట్టు చిటారున కూర్చుని పొద్దునా సాయంత్రం అడవికి కబుర్లు వినిపించేది కాకి. నక్క బావ ఆ చెట్టు కిందికి వెళ్లాడు.

"ఏం కాకమ్మా, ఈమధ్య నీ కబుర్లు చప్పబడ్డాయి?"

"ఏం చెయ్యను బావా? ఇవాళ ఎండ. రేపూ ఎండే. నిన్న సాయంత్రం ఒక్క ఉడత విన్నది. అదీ సగంలో కాయ కనబడిందని లేచిపోయింది."

"ఒక మాట చెబుతాను. మన అధ్యక్షురాలు ఎక్కడ పుట్టింది?"

"ఇంకెక్కడ, అడవిలో."

"నువ్వు చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదు. అడవిలో పుట్టినవాళ్లే అధ్యక్షులు కావాలని మన పెద్దల కట్టడి. ఊళ్లో గేదెలు నలుపు, ఈమే నలుపు. అవి బురదలో పొర్లుతాయి, ఈమే పొర్లుతుంది. నేనేమీ అనడం లేదు సుమా!"

కాకి మెడ వంచి ఆలోచించింది. "నువ్వేమీ అనలేదు బావా. నేనూ ఏమీ అనను. ఊరికే అడుగుతాను."

ఆ సాయంత్రం మద్దిచెట్టు మీంచి కబురు వినిపించింది: "అధ్యక్షురాలు ఎక్కడ పుట్టింది? అడవి అడుగుతోంది!"

నిజానికి అడవి అడగలేదు. కాని ఆ మాట విన్నాక అడగడం మొదలుపెట్టింది. వెనకటికి మా ఊరి రీడింగ్ రూముకు ఒక్కటే పేపరు వచ్చేది. దాన్ని ఏ పేజీకా పేజీ విడదీసి పంచుకునేవాళ్లం, ఎవడికి దొరికిన పేజీ వాడికి లోకం. అందులో ప్రశ్నగుర్తుతో ఏదైనా వార్త కనిపిస్తే, పాపం సంపాదకుడికే తెలియదు కాబోలు, మనల్ని అడుగుతున్నాడని జాలిపడేవాళ్లం. అది అమాయకపు కాలం.

మర్నాటికి కుందేలు, "పెద్దమ్మ తోక ఊపే తీరు చూశారా, అచ్చం ఊరి తీరు!" అంది. అడవిపంది, "మొన్న కొండ దిగువన ఎవరో హోయ్ అని కేకేస్తే ఆమె చెవి కదిలింది" అంది. హోయ్ అంటే దాని చెవీ కదులుతుందన్న సంగతి దానికి తట్టలేదు.

చుక్కమ్మ పరుగున మడుగు దగ్గరికి వచ్చింది. "ఏదో ఒకటి చెప్పు పెద్దమ్మా! నువ్వు పోతే నీ చట్టం పోతుంది. చట్టం పోతే ముందు పోయేది నా బిడ్డ."

"చెప్పడానికేముందే? మా అమ్మ నన్ను ఆ గుట్ట వెనక వెదురు పొదల్లో ఈనిందట. నేనూ అక్కడే ఉన్నాను గాని, అప్పుడు నాకు అవన్నీ గమనించే తీరిక లేదు."

ఈలోగా నక్క బావ పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. "మాటలెందుకు పెద్దమ్మా, రుజువు చూపించు. ఊళ్లో గేదె ఈనితే, దూడ వెనకే మావి పడగానే దాన్ని గడ్డిలో చుట్టి మూటగట్టి ఊరి బయట పాలుకారే చెట్టుకు వేలాడదీస్తారు. అలా చేస్తే పాలు సమృద్ధిగా ఇస్తుందని వాళ్ల నమ్మకం. పుట్టుకకు గుర్తంటే అదీ! దారినపోయే ప్రతివాడూ చూస్తాడు. మరి నీ మావి ఏదీ?"

"మా అమ్మ తినేసింది నాయనా."

"తినేసిందా!"

"అడవిలో తల్లులు తినేస్తారు కదా. వాసనకు పులి వస్తుందని భయం."

"విన్నారా? రుజువును కన్నతల్లే మింగేసింది!" అని నక్క బావ అరిచాడు. కాకి అప్పటికే మద్దిచెట్టెక్కి అదే మాట అడవంతా చాటుతోంది.

రాతి మీద ఎండ కాచుకుంటున్న తాబేలు తాత మెడ బయటికి పెట్టాడు. "ఒరే నక్కా, నీ మావి ఏదిరా?"

"మా అమ్మ... అంటే..."

"తినేసింది. చుక్కమ్మా, నీ పిల్లదో?"

"నేనే తినేశాను తాతా."

"అదీ సంగతి. అడవిలో పుడితే గుర్తు మిగలదు. గుర్తు మిగిలిందంటే ఊళ్లో పుట్టినట్టు. ఇక పాపం ఆమె ఏం చూపించాలిరా?"

కాలేజీలో చదువుకున్న తర్కం పుస్తకంలో ఇలాంటి చిక్కుకు ఒక లాటిన్ పేరుండేది. పేరు మర్చిపోయాను గాని, చిక్కు మాత్రం చాలాసార్లు ఎదురైంది. తాత మాట బంగారం. అయితే ఆయన మాట్లాడేదీ నడిచినంత నిదానంగానే. ఆయన ముగించేసరికి సగంమంది మద్దిచెట్టు కింద ఉన్నారు.

"ఎందుకీ వాదన?" అన్నాడు నక్క బావ. "రేపు మధ్యాహ్నం సభ పెట్టండి. ఊరి చెట్టుకు వేలాడుతున్న ఆమె మావి మూటను తెచ్చి మీ ముందు పడేస్తాను. అప్పుడు అధ్యక్షురాలూ ఉండదు, ఆమె చట్టమూ ఉండదు."

ఏ మూటైనా ఒకటే, పోల్చుకునేదెవరు అని ఆయన ధీమా. ఊరి ఆచారం గురించి విన్నాడే గాని, మావి మూటను దగ్గరగా ఎన్నడూ చూసి ఎరగడు. విన్నది చూసినట్టు చెప్పడం అలవాటైనవాడికి, చూడవలసి వచ్చినప్పుడు తడబాటు తప్పదు.

మర్నాడు పొద్దెక్కాక ఊరి బయట మేడిచెట్టు దగ్గరికి వెళ్లాడు. పైకొమ్మలకు గడ్డిమూటలు వేలాడుతున్నాయి. అవి అందవు. కింది కొమ్మకు గుడ్డమూట ఒకటి ఉంది. ఎగిరి వాసన చూశాడు. ఘాటుగా ముక్కు అదిరింది. "పాత సరుకే. సందేహం లేదు" అనుకుని నోట కరుచుకుని ఒకటే పరుగు.

మడుగు ఒడ్డున అందరూ చేరారు. చుక్కమ్మ పిల్లను పొట్ట కిందికి లాక్కుని నిలబడింది. నక్క బావ మూటను రాతి మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"పెద్దమ్మా, చివరిగా ఏమైనా చెప్పుకుంటావా?"

"విప్పు నాయనా. నాకూ చూడాలనే ఉంది."

నక్క బావ పళ్లతో ముడి లాగాడు. గుడ్డ విడింది. లోపల టేకాకు. టేకాకు విప్పితే పెద్ద అన్నం ముద్ద, రెండు ఉల్లిపాయలు, ఒక పక్కన ఎండుచేపల కూర.

తాబేలు తాత మెడ చాచి ఆ ముద్దను అటూ ఇటూ చూశాడు.

"ఏమే నల్లమణీ, ఉల్లిపాయలతో సహా పుట్టావటే?" అన్నాడు తాత.

"అమ్మ ఆ మాట చెప్పలేదు తాతా."

"అది కాదు..." అని నక్క బావ నసిగాడు, "ఊరివాళ్లు మావిని ఇలా... అన్నంలో కలిపి..."

కాకి అప్పటికే వాలి ఒక చేప ముక్క నోట వేసుకుంది. "ఉప్పు కాస్త ఎక్కువైంది బావా."

"ఏయ్, రుజువు తినకే!"

"అడవిలో రుజువులు తినేస్తారు కదా!" అంది కాకి, ఇంకో ముక్క అందుకుంటూ.

అడవిపంది నవ్వి నవ్వి బురదలో పడింది. కుందేలు ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే నవ్వింది. ఆ నవ్వుల మధ్యనుంచి మొరుగుడు వినిపించింది. ఆ పొద్దున గొల్ల సోమన్న మేకల వెంట వస్తూ, చీమలకు అందకుండా తన సద్దిమూటను మేడిచెట్టుకు తగిలించుకున్నాడు. ఆయన కుక్క ఎర్రోడు ఎండుచేపల వాసన పట్టుకుని తిన్నగా వచ్చేస్తున్నాడు. తోడేలును తరిమిన కుక్క అది.

నక్క బావ అటూ ఇటూ చూశాడు. పొదలన్నీ ఎండి పుల్లలై ఉన్నాయి, ఎక్కడ దాక్కున్నా కనిపిస్తాడు. ఇక ఆలోచించకుండా మడుగులోకి దూకి పెద్దమ్మ వెనక పీకలదాకా మునిగాడు.

"సద్ది దొంగ ఏడీ?" అంటూ ఎర్రోడు ఒడ్డుకు వచ్చాడు.

పెద్దమ్మ బురద కారుతుండగా మెల్లగా లేచి నిలబడింది. లేచేదాకా ఆమె ఎంత పెద్దదో ఎవరికీ గుర్తుండదు. "ఎవరు నాయనా నువ్వు?"

"సోమన్న కుక్కనమ్మా. మా అయ్య పస్తున్నాడు, కావలి సరిగా లేదని నన్ను తిడుతున్నాడు. ఆ నక్కను నాకొదిలెయ్యండి."

"మీ అయ్య ఆకలి నిజమే. దానికి వీడు బయట నీకు జవాబు చెప్పుకోవలసిందే. ఇక్కడ మాత్రం వేట లేదు. నువ్వూ దప్పికతో వచ్చావు, నీళ్లు తాగు."

"ఎవరు పెట్టారమ్మా ఆ చట్టం?"

"నేనే."

"నువ్వెవరని?"

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి, నీళ్లలోంచి ఒక గొంతు లేచింది.

"మా అధ్యక్షురాలు! మా పెద్దమ్మ! ఈ అడవి బిడ్డ! అదిగో, ఆ గుట్ట వెనక వెదురు పొదల్లోనే పుట్టింది. నేను సాక్షి!"

"నువ్వు చూశావా బావా?" అంది కాకి.

"చూడాలా ఏమిటి? ఆ మొహం చూస్తే తెలియడం లేదూ?"

ఎర్రోడు ఆ మొహమూ చూశాడు, దాని మీది కొమ్ములూ చూశాడు. వంగి కడుపునిండా నీళ్లు తాగాడు. "సరేనమ్మా, నీ చట్టం నీది. వీడు బయటికి రాకపోడు" అని మడుగుకు దూరంగా వెళ్లి, దారికి అడ్డంగా కూర్చున్నాడు.

పొద్దు కొండ మీదికి వాలేదాకా నక్క బావ నీళ్లలోనే ఉన్నాడు. చుక్కమ్మ పిల్లతో వచ్చి ఆయన పక్కనే నిలబడి, "కాస్త అటు జరుగు బావా, బిడ్డ తాగే నీళ్లు కలకబారుతున్నాయి" అంది. నక్క బావ మారు మాట్లాడకుండా జరిగాడు.

నీడనిచ్చే చెట్టును పట్టుకుని నీ పుట్టుపూర్వోత్తరాలేమిటని అడిగేవాడికి, ఇంకా ఎండ తగల్లేదన్నమాట.