వాకిట్లో అడుగుల చదువు

రేగుపొదల అడవిలో కుందేళ్ళకి ఒకటే చదువు. పొద ముందు మెత్తటి మట్టిలో ఎవరి అడుగులున్నాయో చదివి గానీ బయట కాలు పెట్టకూడదు. ఆ చదువు రాని కుందేలు ఎక్కువకాలం బతకదు, ఇందులో దాపరికమేమీ లేదు. కుందేలమ్మకి కిందటి కాన్పు పిల్లలు అలాగే పోయాయి. ఇప్పుడు మిగిలింది బుడిగి ఒక్కతే. అందుకే ఆ తల్లికి పొద్దస్తమానం గుండె దడే.

రోజూ కూతురికి ఎదురుగా కూర్చుని మట్టిలో వరసగా అడుగులు గీసేది.

"చెప్పు. త్వరగా."

"నెమలి, జింక, పంది, నక్క," అని బుడిగి రాగం తీసేది.

"శభాష్. మళ్ళీ చెప్పు."

"నెమలి, జింక, పంది, నక్క."

పొద వెనక బొరియలో ముళ్ళపంది కాపురం. పగలు పడుకునే జాతి, నిద్ర చెడితే దానికి ఒళ్ళు మండుతుంది. ఈ పాట వినీ వినీ విసిగిపోయి, ఒకరోజు తల బయటపెట్టింది.

"అమ్మాయ్, నీ కూతురు మట్టి వంక చూడటం లేదే. నీ మొహం వంక చూస్తోంది."

"గడగడా చెబుతుంటే ఓర్వలేకపోతున్నావా అక్కా? నా పిల్లకి దిష్టి పెట్టకు."

"దిష్టి లేదు, గిష్టి లేదు. వరస మార్చి గీసి చూడు, నీకే తెలుస్తుంది," అని ముళ్ళపంది లోపలికి పోయింది.

దాని మాట వినకూడదనే అనుకుంది కుందేలమ్మ. మనసు ఊరుకుంటేగా. జింక అడుగు ఒక్కటే గీసి, "ఇదేమిటే?" అంది.

"నెమలి," అంది బుడిగి ఠక్కున.

కుందేలమ్మకి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ పిల్ల చదివింది ఒక్క ముక్క లేదు. రేపు నక్క అడుగు చూసి నెమలి అనుకుని బయటికి నడిస్తే? ఆ భయం కోపంగా మారి చెయ్యెత్తింది. బుడిగి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కింద చూడవేమే?"

"తప్పు చెబితే నీ మొహం మారిపోతుందమ్మా. నాకు భయమేస్తుంది. అందుకే నీ మొహమే చూస్తా."

ఎత్తిన చెయ్యి దిగిపోయింది. నన్నడిగితే, దెబ్బ వెయ్యకుండా దిగిన ఆ చెయ్యే ఆ బిడ్డ ప్రాణం కాపాడింది. మర్నాటి నుంచి కుందేలమ్మ ఎదురుగా కూర్చోవడం మానేసింది. కూతుర్ని ఆనుకుని పక్కన కూర్చునేది. పేర్లు చెప్పడమూ మానేసింది. "ఏం కనబడుతోంది తల్లీ?" అని మాత్రం అడిగేది. బుడిగి వేళ్ళు లెక్కపెట్టేది, గోళ్ళ గుర్తులు తడిమేది, తప్పులూ చెప్పేది. తల్లికి లోపల ఎంత దడగా ఉన్నా, "సరే, ఇంకోసారి చూద్దాం," అనేది.

ఈ సంగతి నక్కకి తెలీదు. అది ఎప్పుడో పుట్ట చాటున దాక్కుని పాత పాటంతా విని పోయింది. మొదట ఏ అడుగు కనబడ్డా ఈ పిల్ల నెమలి అంటుందని దానికి గట్టి నమ్మకం.

కుందేలమ్మ మేతకి వెళ్ళడం చూసి నక్క తిన్నగా పొద దాకా నడిచొచ్చింది. పక్కన నక్కి కూర్చుని గొంతు మార్చింది.

"బుడిగీ, వచ్చేశానే. వాకిట్లో అడుగు చదివి బయటికి రా. త్వరగా చెప్పు, ఏమిటది?"

బుడిగి కొమ్మల సందులోంచి చూసింది. నాలుక చివర నెమలి ఆడింది. మింగేసింది. పక్కన అమ్మ లేదు. ఏం కనబడుతోంది అని తనని తనే అడిగింది. నాలుగు వేళ్ళు, ముందు గోళ్ళు. అన్నీ పొద వైపు వచ్చినవే, వెనక్కి వెళ్ళింది ఒక్కటీ లేదు. ఇది నక్క అడుగు. మరి పిలిచేది అమ్మేనా?

"చెప్పవేం? నెమలే కదమ్మా. రా."

అమ్మ ఇప్పుడు పేర్లు చెప్పదు. ఆ ఒక్క ముక్కతో బుడిగికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ధైర్యం కూడదీసుకుంది.

"అవునమ్మా, నెమలే. ఇటు ముళ్ళు గుచ్చుకుంటున్నాయి, వెనక బొరియలోంచి వస్తా. అక్కడ చీకటి. నువ్వే చెయ్యిపెట్టి నన్ను లాక్కో."

నక్క ఒక్క ఉరుకున వెనక్కి వెళ్ళి, బొరియలో మూతీ ముందుకాలూ కలిపి దూర్చింది. లోపల ముళ్ళపంది మంచి నిద్రలో ఉంది. తర్వాతేం జరిగిందో నేను చెప్పక్కర్లేదు, నక్క ఏడుపు అడవంతా వింది. వచ్చిన వాకిలి మీదుగానే పారిపోయింది.

ఆ ఏడుపు విని కుందేలమ్మ పరుగెత్తుకొచ్చింది. వాకిట్లో నక్క అడుగులు కనబడ్డాయి, తిన్నగా పొదలోకే. నోట్లో గడ్డి జారిపోయింది. ఇంకా చూద్దామంటే కళ్ళు మసకేశాయి, ఒక్క గుర్తూ ఆనలేదు. కూతుర్ని పిలవడానికి నోరు రాలేదు. పిలిస్తే పలకదేమోనని భయం. అక్కడే కూలబడింది.

పొదలోంచి బుడిగి వచ్చి, తల్లిని ఆనుకుని పక్కన కూర్చుంది.

"నేను చదువుతా, నువ్వు వినమ్మా. ఇది నక్క. ఇదిగో, ఇక్కడ మూడు కాళ్ళ మీద కుంటింది. వాగు వైపు పోయింది. తిరిగొచ్చిన అడుగు లేదు."

ఎదురుగా కూర్చుని భయపెడితే బిడ్డ మన మొహం చదువుతుంది. అక్షరం చదవాలంటే పక్కన కూర్చోవాలి.