గీత పడని విమానం

కొండపల్లిలో వీరాస్వామి అని బొమ్మలు చేసే ఒకాయన ఉండేవాడు. ఆయన చేతిలో ఎంత పనితనం ఉండేదో, చేసిన వస్తువు మీద చిన్న గీత పడినా ఓర్చుకోలేని గుణం కూడా అంతే ఉండేది.

తెల్ల పొనికి కర్రతో ఆయన చేసిన అంబారీ ఏనుగులు ఎవరెవరి ఇళ్ళలోనో అద్దాల బీరువాల్లో దర్జాగా నిలబడేవి. దుకాణానికి వచ్చినవాళ్ళు బొమ్మను చేతిలోకి తీసుకుంటే చాలు, ఆయన ప్రాణం గిలగిల్లాడేది. "జాగ్రత్తండీ, తొండం పట్టుకోకండి" అని వెంటపడేవాడు. ఆ బొమ్మలకు రంగులు వేసేది ఆయన భార్య మంగతాయారు. "మీరు బొమ్మలు అమ్ముతున్నారా, కాపలా కాస్తున్నారా?" అని ఆమె నవ్వేది.

వాళ్ళకు హారిక ఒక్కతే కూతురు. రోజూ బస్సులో వెళ్ళి విజయవాడలో ఇంజనీరింగ్ చదువుకునేది. ఆమె కాలేజీలో రిమోట్‌తో చిన్న విమానాలు ఎగరేసే పిల్లల జట్టు ఒకటి ఉండేది. మామూలుగా ఎగరేయడం హారికకు అప్పటికే వచ్చు. కానీ జట్టులో చేరాలంటే అది చాలదని, వాళ్ళకు నేర్పే ఇస్మాయిల్ మాస్టారు ఒక షరతు పెట్టారు. విమానాన్ని ముక్కు పైకి, తోక కిందికి ఉండేలా గాలిలో ఒకే చోట నిమిషం పాటు నిలబెట్టాలి. పరీక్షలు రెండే. మొదటిది నెల రోజుల్లో, రెండోది ఆ తరువాత ఇంకో నెలకు. రెండూ తప్పితే జట్టులో చోటు లేదు.

హారికకు ఆ జట్టు మీదే ధ్యాస. ఒక సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని ఫోన్‌లో మూడు విమానాలు చూపించింది.

"ఇది యుద్ధవిమానం నాన్నా. చూడ్డానికి బాగుంటుంది కానీ బరువు. ఈ రెండోది కొత్తగా ఎగరేసేవాళ్ళ కోసం. మెల్లగా బుద్ధిగా పోతుంది, నిలబడమంటే నిలబడదు. మాస్టారు ఈ మూడోది తీసుకోమన్నారు."

మూడోది చూసి వీరాస్వామి ముఖం చిట్లించాడు. ఒక ఫోమ్ షీటును విమానం ఆకారంలో కోసి, ఇంకో షీటును అడ్డంగా దూర్చారు, అంతే. దానికి రంగూ లేదు, నునుపూ లేదు.

"ఇదేంటమ్మా? పెళ్ళి స్టేజీ మీద పేర్లు కోసి అంటించే థర్మాకోల్‌లా ఉంది. బొమ్మలు చేసేవాడి కూతురివి, దీన్ని పట్టుకుని నలుగురిలోకి పోతావా?"

"తేలిగ్గా ఉండాలి నాన్నా. అలా నిలబెట్టినప్పుడు రెక్కలు బరువు మొయ్యవు. ముందున్న పంకా ఒక్కటే మొత్తాన్ని లాగి పట్టుకోవాలి."

"పొనికి కర్ర తేలిక కాదా? నేను చేస్తా. నువ్వు చూస్తూ ఉండు!"

హారిక ఇంకేదో అనబోయింది. కానీ తండ్రి అప్పటికే పెన్సిలు తీసి కాగితం మీద రెక్కలు గీస్తున్నాడు. అంత ఉత్సాహంగా ఆయన్ను చూసి చాలా కాలమైంది. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

వారం రోజులు వీరాస్వామి దుకాణం పని పక్కన పెట్టాడు. కర్రను పల్చగా చెక్కాడు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి, ఆ మక్కుతో అతుకులు పూడ్చాడు. నున్నగా రుద్దాడు. తెల్ల పూత, దాని మీద నీలం, అంచులకు బంగారు రంగు గీతలు, అన్నిటి మీదా మెరుపు కోసం వార్నిష్.

"తేలిగ్గా ఉండాలంది కదండీ పిల్ల, ఇన్ని పూతలెందుకు?" అంది మంగతాయారు.

"మన పిల్ల చేతిలో బోసిగా ఉంటే బాగుంటుందా?" అన్నాడు వీరాస్వామి.

నిజం చెప్పాలంటే ఆ విమానం చూపు తిప్పుకోనివ్వనంత అందంగా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. హారిక దానికి మోటారూ బ్యాటరీ బిగించి కాలేజీ మైదానానికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చే వేళకు వీరాస్వామి మెత్తటి బట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. విమానాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని ముక్కు నుంచి తోక దాకా చూసేవాడు. దుమ్ము తుడిచేవాడు.

"ఒక్క గీత లేదు! మా అమ్మాయి చెయ్యి అంటే చెయ్యే" అని పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా అనేవాడు. హారిక తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయేది. పాపం, ఆయన అదేదో సిగ్గనుకునేవాడు.

మొదటి పరీక్ష రోజు వీరాస్వామి ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని కూతురితో పాటు బయల్దేరాడు. మైదానంలో మిగతా పిల్లల విమానాలు చూసి ఆయనకు లోపల నవ్వొచ్చింది. ఒకదానికి రెక్క నిండా టేపు, ఇంకొకదానికి తోకలో గుచ్చిన పంటిపుల్లలు. 'ఇవా ఎగిరేవి!' అనుకున్నాడు. ఎగిరాయి. ఎగరడమే కాదు, గాలిలో మేకు కొట్టి తగిలించినట్టు నిలబడ్డాయి. ఒకటి మధ్యలో దబ్బున పడింది. దాని తాలూకు కుర్రవాడు దులిపి, అతికించి, మళ్ళీ ఎగరేశాడు.

హారిక వంతు వచ్చింది. నీలం విమానం బంగారు అంచులతో మెరుస్తూ పైకి లేచింది. అందరూ "అబ్బ!" అన్నారు. వీరాస్వామి ఛాతీ ఉప్పొంగింది. విమానం ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. అలా తిరుగుతూనే ఉంది.

"నిలబెట్టమ్మా" అన్నారు మాస్టారు.

హారిక ముక్కును పైకి లేపింది. ఒక్క క్షణం విమానం నిలబడింది. తోక జారింది. రిమోట్ మీద ఆమె వేళ్ళు బిగుసుకుపోయాయి. బరువు లాగలేక మోటారు మూలిగింది. విమానం తిరగబడి నేల మీద పడి నాలుగు ముక్కలైంది.

వీరాస్వామి పరుగెత్తాడు. కూతురి దగ్గరికి కాదు, విమానం దగ్గరికి. మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుకున్నాడు. తల ఎత్తేసరికి ఎదురుగా హారిక నిలబడి ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"సారీ నాన్నా. కావాలని చెయ్యలేదు నాన్నా. సారీ" అంటూ వెనక్కి వెనక్కి జరుగుతోంది.

తన కూతురు తనను చూసి భయపడుతోంది. ఇరవై ఏళ్ళలో ఒక్క దెబ్బ వెయ్యని తండ్రికి ఆ సంగతి గుండెల్లో గుచ్చుకుంది. చేతిలోని ముక్కలు ఎప్పుడు జారిపోయాయో ఆయనకే తెలియలేదు.

తిరుగు బస్సులో హారిక కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది.

"ఇక మానేస్తాను నాన్నా. నాకు రాదు."

"ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు నిలబెట్టి చూశావమ్మా?"

"ఒక్కసారి కూడా లేదు" అంది హారిక.

"అదేంటే! మరి రోజూ ఏం చేసినట్టు?"

"పైన చుట్లు తిప్పి దించేసేదాన్ని. నిలబెట్టడం నేర్చుకోవాలంటే పడుతుంది నాన్నా. అందరికీ పడుతుంది. కానీ సాయంత్రం నువ్వు బట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడతావు కదా."

వీరాస్వామి బస్సు దిగేదాకా కండువాతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. దుమ్మని చెప్పాడు కానీ ఆ కిటికీ మూసే ఉంది.

మర్నాడు ఆయన విజయవాడ వెళ్ళి మాస్టారు చెప్పిన ఫోమ్ షీట్లు తెచ్చాడు. ఫోన్‌లో ఆ మూడో విమానం బొమ్మను ముందు పెట్టుకుని కొలత ప్రకారం కోశాడు. తోకకు కదిలే రెక్కలు వెడల్పుగా ఉండాలని మాస్టారు అంటే వెడల్పుగా పెట్టాడు. పాత విమానంలోని మోటారూ బ్యాటరీ దీనికి బిగించాడు. అలవాటు కొద్దీ చెయ్యి రంగు కుంచె మీదికి పోయింది. ఒక్క క్షణం ఆగి, కుంచెను మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

"రంగు వద్దా?" అంది మంగతాయారు ఆశ్చర్యంగా.

"పైవైపు ఏదో కిందివైపు ఏదో తెలియాలట. ఒక వైపు ఎర్ర గీత గియ్యి చాలు. అది కూడా పల్చగా" అన్నాడు.

ఆ సాయంత్రమే కూతుర్ని ఊరి బయట ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాడు. తెల్లటి విమానాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు దీన్ని పడెయ్యి."

"ఎందుకు నాన్నా?"

"పడెయ్యమ్మా."

హారికకు చేతులు రాలేదు. అప్పుడు వీరాస్వామి తనే విమానాన్ని తీసుకుని తల మీదికి ఎత్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క బొమ్మను కూడా చెయ్యి జారనివ్వని మనిషి. కళ్ళు గట్టిగా మూసుకుని వదిలేశాడు. ముక్కు చిట్లింది. జేబులోంచి జిగురు తీసి రాశాడు, టేపు చుట్టాడు. రెండు నిమిషాల పని.

"చూశావా? దీనికి అవ్వాల్సింది అయిపోయింది. ఇక నీ ఇష్టం. విరగ్గొట్టడం నీ వంతు, అతకడం నా వంతు" అన్నాడు.

హారిక ఆయన చెయ్యి పట్టుకుని ఆ జిగురు వేళ్ళను చెంపకు ఆనించుకుంది. తరువాత విమానం ఎగరేసింది. ఆ రోజు అది పదకొండుసార్లు పడింది.

ఆ నెలంతా ఆ ఇంట్లో ఒకటే తంతు. కూతురు రాగానే తండ్రి "ఇవాళ ఎక్కడ విరిగింది?" అని అడిగేవాడు. ఒక రోజు ఏమీ విరగకుండా వచ్చింది. "అదేంటి, ఇవాళ నేర్చుకోలేదా?" అని చిన్నబుచ్చుకున్నాడు. మంగతాయారు పొట్ట పట్టుకుని నవ్వింది. మొదటి వారం హారిక లెక్కపెట్టి అయిదు వరకూ నిలబెట్టగలిగింది. రెండో వారం ఇరవై వరకూ. తోక జారుతోందని తెలిసేలోపే వేళ్ళు సర్దుకోవడం మొదలైంది. ఎలా సర్దుతున్నావని అడిగితే చెప్పలేకపోయేది.

రెండో పరీక్షకు వీరాస్వామి మళ్ళీ వెళ్ళాడు. హారిక విమానం లేచింది, ముక్కు పైకెత్తి నిలబడింది. మాస్టారు గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టారు. ముప్ఫై. ముప్ఫై అయిదు. నలభై అనేలోపు పక్క నుంచి గాలి తోసింది. విమానం దబ్బున పడి రెక్క విరిగింది.

"పడితే పడింది! ఎత్తమ్మా, మళ్ళీ ఎత్తు!" అని ఒక గొంతు అరిచింది. అందరూ తిరిగి చూశారు. వీరాస్వామి అప్పటికే టేపు పట్టుకుని పరుగెత్తుతున్నాడు, ఈసారి తిన్నగా కూతురి దగ్గరికి.

హారిక నవ్వుతూ ఉంది. "ఇంకోసారి ఇవ్వండి మాస్టారూ" అంది.

"ఇంకొక్కసారే. అదే ఆఖరు" అన్నారు ఆయన.

తండ్రి పట్టుకున్నాడు, కూతురు టేపు చుట్టింది. విమానం మళ్ళీ లేచి, ఒంటి నిండా అతుకులతో ఎండలో నిటారుగా నిలబడింది. ఈసారి మాస్టారితో పాటు పిల్లలందరూ లెక్కపెట్టారు. యాభై దాటింది. వీరాస్వామి ఊపిరి బిగబట్టి విమానాన్ని కాదు, కూతురి ముఖాన్ని చూస్తున్నాడు. అందులో భయం లేదు. "అరవై!" అని మైదానమంతా అరిచింది. హారికకు జట్టులో చోటు దొరికింది.

పిల్లలూ, నేర్చుకునేవాళ్ళ చేతికి చూడ్డానికి అందంగా ఉన్నది కాదు, పడేసినా ఫరవాలేనిది ఇవ్వాలి. పడితే ఏమంటారో అన్న భయం పోయినప్పుడే ఏ విద్య అయినా వస్తుంది.