కోట దాటిన మిడతలు

కేదారదేశపు సరిహద్దు కోటలో వీరబాహుడనే దళపతి ఉండేవాడు. పొరుగున ఉన్న సైకతదేశం నుంచి ఎవరొచ్చినా అతనికి అనుమానమే. ఒకచోట కుదురుగా కూర్చునేవాడు కాదు. రోజంతా కోటగోడ మీద తిరుగుతూ అవతలి ఇసుక మైదానాలకేసి చూస్తూండేవాడు.

ఒకరోజు సైకతదేశపు వ్యవసాయాధికారి ఇరావతి కోటకు వచ్చింది.

"దళపతిగారూ, మా ఇసుకలో మిడతలు గుడ్లు పెట్టాయి. పిల్లలు బయటికొచ్చాయి. వాటికింకా రెక్కలు రాలేదు. ఇప్పుడే కందకాలు తవ్వి, వాటిని అందులోకి తోలి పూడ్చేస్తే పీడ వదులుతుంది. మావాళ్లు చాలడం లేదు. ఓ మూడొందల మందిని పంపండి" అని అడిగింది.

"మావాళ్లని అటు పంపి కోట ఖాళీ చెయ్యమంటారా? మంచి ఎత్తే వేశారు!" అన్నాడు వీరబాహుడు.

"రెక్కలొస్తే అవి మీ గోడ దగ్గర ఆగవండీ" అంది ఇరావతి.

అతను వినలేదు. ఆమె వెళ్లగానే కాపలా రెట్టింపు చేశాడు. అయినా మనసు నిలవలేదు. అన్నం ముందు కూర్చుని కూడా మధ్యలో లేచి గోడ ఎక్కేవాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం పడమటి ఆకాశం ఎర్రబడింది. సైన్యం లేపిన దుమ్మనుకుని వీరబాహుడు నగారా మోగించాడు. తలుపులు మూయించాడు. సైనికులు విల్లులు ఎక్కుపెట్టారు. వాళ్ల తలల మీదుగా హోరుమంటూ మిడతల దండు దాటిపోయింది.

మధ్యాహ్నానికి జొన్నచేలలో మొండి కాడలు మిగిలాయి. రైతులు గట్ల మీద కూలబడి ఏడ్చారు. నాలుగో రోజుకు దండు ఎగిరిపోయింది కానీ, ఏటిగట్టు నిండా గుడ్లు పెట్టి పోయింది.

ఇరావతి మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె వెంట పారలు పట్టుకుని రెండు వందల మంది ఉన్నారు.

"మీ పీడ మాకు చుట్టుకుంది కదా, ఇంకెందుకొచ్చారు?" అన్నాడు వీరబాహుడు గోడ మీది నుంచి.

"మీ గట్టున ఉన్న గుడ్లు పిల్లలైతే, గాలి తిరిగిననాడు మళ్లీ మా మీద పడతాయి. పైగా మీ పిల్లలకూ ఆకలేస్తుంది కదండీ! తలుపు తియ్యండి."

వీరబాహుడు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత తనే దిగివచ్చి గడియ తీశాడు. "ఆ రోజు మీ మాట వినుంటే మా చేలు మిగిలేవి" అంటూ ఒక పార అందుకున్నాడు.

రెండు దేశాలవాళ్లూ కలిసి గట్టంతా తిరగదవ్వారు. ఆ ఏడు కేదారదేశం గంజితోనే గడిపింది. కానీ మరుసటి పంట దక్కింది. అప్పటి నుంచి మిడతల జాడ ఏ వైపు కనిపించినా ఉభయులూ కలిసే కదిలేవారు.

నీతి: పొరుగుదేశపు ఆపదను మన ఆపదగా ఎంచి చేయి కలిపినప్పుడే అన్ని దేశాల ప్రజలకూ శాంతి, క్షేమం కలుగుతాయి.