గుండిగ ఎవరు దించుతారు

ఆ పెళ్ళిలో మొదటి గుండిగ అన్నం చిమిడిపోయింది. హైమవతి చూస్తుండగానే చిమిడిపోయింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు ఆ ముక్క చివరిదాకా దాచి, ముందు గొప్పలన్నీ చెబుతారు. చెడింది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

పేరయ్యగారు అమలాపురం చుట్టుపక్కల ముప్ఫయ్యేళ్ళుగా పెళ్ళిళ్ళకు వండిస్తున్న మనిషి. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఆఖరి బంతి లేచాక అడుగు" అనేవారు. బంతి లేచాక అడిగితే "ఇంకా అడగాలా?" అనేవారు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన మొదటి ఆడమనిషి హైమవతి. బి.ఎస్సీ. చదివి, పదిహేనేళ్ళు ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పింది. బడి మూతపడ్డాక, తనకు బాగా వచ్చిన రెండో పని ఏమిటా అని ఆలోచించుకుని ఇక్కడికి వచ్చింది. వచ్చిన ఆరు నెలలకు, ఒకరోజు వంకాయలు తరుగుతూ అడిగింది.

"గురువుగారూ, నలుగురికి వండాలంటే ఆడవాళ్ళ పనంటారు. అదే నాలుగు వందల మందికి వండాలంటే గరిటె మగవాళ్ళ చేతికి పోతుంది. ఎందుకంటారు?"

ఆయన నోరు విప్పేలోగా, గుండిగలు ఎత్తే సత్తిబాబు అందుకున్నాడు. "బరువండీ అక్కగారూ, బరువు! నిండు గుండిగ దించడం మీవల్లవుద్దా? మా నడుములే విరిగిపోతున్నాయి." అందరూ నవ్వారు. హైమవతికీ ఆ జవాబు సబబుగానే తోచింది. పేరయ్యగారు మాత్రం నవ్వలేదు. "వచ్చే గురువారం పెళ్ళికి అన్నం సంగతి నువ్వు చూసుకో అమ్మా" అన్నారు.

పెళ్ళివంటలో అన్నం చూసుకోవడం చిన్న సంగతి కాదు. పులుసులో ఉప్పెక్కువైతే సర్దుకోవచ్చు, అన్నానికి ఆ వెసులుబాటు లేదు. గాడిపొయ్యి మీద ఇరవై కిలోల బియ్యం ఉడుకుతుంటాయి. మెతుకు పట్టి చూసి, పలుకు పోయిందనగానే దించెయ్యాలి. ఇద్దరు మనుషులు గుండిగ చెవులకు బొంగుకర్ర దూర్చి ఎత్తి, వెదురుగంపలోకి వంచి గంజి వార్చాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ముద్దే. అన్నం చెడితే బంతి ఆగుతుంది. బంతి ఆగిన పెళ్ళిలో వండిన మనిషిని ఆ చుట్టుపక్కల మళ్ళీ ఎవరూ పిలవరు. హైమవతి ఈ పనిలో నిలబడుతుందా, ఇంటికి పోతుందా అన్నది ఆ గురువారం తేలిపోతుందని వంటశాలలో అందరికీ తెలుసు.

తాళి కట్టే వేళయింది. మేళం హోరెత్తిపోతోంది. హైమవతి మెతుకు నలిపి చూసింది, సరిగ్గా ఉంది. వెనక్కి తిరిగితే సత్తిబాబు లేడు, అతని జోడీ బుల్లియ్యా లేడు. వేదిక మీద సోఫా జరపాలని పెళ్ళికూతురి మేనమామ ఇద్దర్నీ పట్టుకుపోయాడు. హైమవతి పందిరి అంచుదాకా వెళ్ళి నిలబడింది. పందిరి నిండా మగపెళ్ళివారు, పెద్దలు, వీడియో తీసేవాళ్ళు. "సత్తిబాబూ, కాస్త ఇలా వస్తారా" అంది. ముందు వరసలో ఒకావిడ తలతిప్పి చూసింది. హైమవతి కొంగు సర్దుకుంది. "ఒక్కసారి రండి బాబూ" అని మళ్ళీ అంది, ఇంకా నెమ్మదిగా. క్లాసులో అరవై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. చివరికి జనాన్ని తప్పించుకుంటూ నడిచి వెళ్ళి, సత్తిబాబు ఎదట నిలబడి, చేత్తో సైగ చేసి పిలుచుకొచ్చింది. గుండిగ వంచితే అన్నం గంపలో ఒక్క ముద్దగా పడింది.

పేరయ్యగారు ఇదంతా గోడవార స్టూలు మీద కూర్చుని, వక్కలు కత్తిరిస్తూ చూశారు. ఆయన ఒక్క మాట అంటే గుండిగ దిగేది. అనలేదు.

వెనకే మేనమామ వచ్చి గంపలోకి తొంగిచూశాడు. "ఏమయ్యా పేరయ్యా, ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతేగా!"

"నా మొదటి గుండిగ ఇంతకన్నా చిమిడిందండీ. అప్పుడు మగాడి చేతికిస్తే ఇంతేనని ఎవరూ అనలేదు. కుర్రాడు కొత్త అన్నారు."

"మాటలకేం తక్కువ లేదు. అరగంటలో బంతి వెయ్యాలి."

"అరగంట చాలండి" అన్నారు పేరయ్యగారు, అడకత్తెర ఆపకుండానే.

హైమవతి అప్పుడు చూసింది. బస్తాల వెనక కడిగి నానబెట్టిన బియ్యం ఉన్నాయి, మరో ఇరవై కిలోలు. పక్క పొయ్యి మీద రెండో గుండిగలో ఎసరు తెర్లుతోంది. రెండూ తను పెట్టించినవి కావు. అడగడానికి వ్యవధి లేదు. చిమిడిన అన్నంలో పెరుగు కలిపి తాలింపు వెయ్యమని పురమాయించి, బియ్యం ఎసట్లో పోసింది. ఆ రోజు దద్ధోజనం మారు అడిగి వేయించుకున్నవాళ్ళు చాలామంది.

బల్లలు వేయించాలని మేనమామ సత్తిబాబునీ బుల్లియ్యనీ మళ్ళీ లాక్కుపోయాడు. హైమవతి గుండిగ దగ్గర్నుంచి కదల్లేదు. గరిటెతో నాలుగు మెతుకులు తీసి నలిపింది. పలుకు పోయింది. ఉన్నచోటే నిలబడి, ఊపిరి పీల్చుకుని, ఒక్క కేక వేసింది.

"సత్తిబాబూ! బుల్లియ్యా! దించండి!"

డోలు దెబ్బ తప్పింది. తలంబ్రాలు పోస్తున్న పెళ్ళికూతురు దోసిలి అలాగే పట్టుకుని ఇటు చూసింది. బల్ల అక్కడే వదిలేసి ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకే, పంచె ఎగ్గట్టి, మేనమామ కూడా పరుగెత్తుకొచ్చాడు. బొంగుకర్రకు చెయ్యి వేశాకగానీ తనెందుకు వచ్చాడో ఆయనకే తెలియలేదు. గుండిగ దిగేదాకా ఎవరూ నవ్వలేదు. అన్నం మెతుకుకు మెతుకు అంటకుండా గంపలోకి జారింది. హైమవతి బియ్యంబస్తా మీద కూలబడి, పమిటతో ముఖం తుడుచుకుని, అందరికన్నా గట్టిగా నవ్వింది. బంతి ఐదు నిమిషాలు ఆలస్యమైంది. ఫోటోల హడావిడిలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆఖరి బంతి లేచాక వంటవాళ్ళు విస్తళ్ళు వేసుకున్నారు.

"చూస్తూ ఊరుకున్నారు గురువుగారూ" అంది హైమవతి.

"ఊరుకోవడం తేలికనుకున్నావా? నాలుక కరుచుకుని కూర్చున్నాను."

"మరి ఆ రోజు గుండిగ బరువని సత్తిబాబు అంటే మీరేమీ అనలేదే?"

పేరయ్యగారు పప్పులో నెయ్యి కలుపుకున్నారు. "నా నడుం పట్టేసి పన్నెండేళ్ళయిందమ్మా. నేను గుండిగ మీద చెయ్యి వెయ్యగా నువ్వెప్పుడు చూశావు?"

హైమవతి ఆలోచించింది. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు. పక్కన సత్తిబాబు కూడా ముద్ద నోటి దాకా తెచ్చి, ఆపి, ఆలోచనలో పడ్డాడు.

దించే వేళ 'కాస్త' అనకూడదని, పిలిస్తే సరిపోయే చోటికి నడిచి వెళ్ళకూడదని హైమవతి ఆ విస్తరి ముందే తీర్మానించుకుంది. తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆవిడ కిందే నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు పనిచేస్తున్నారు. వేదిక మీద పెద్దమనుషులు ఆశీర్వచనం చదువుతున్నా సరే, ఒక్క పెళ్ళిలోనూ ఆ మాట తప్పలేదు.

మొన్నొక పెళ్ళికూతురి తండ్రి పేరయ్యగారింటికి వెళ్ళి మొరపెట్టుకున్నాడట. "మీ శిష్యురాలు పనిమంతురాలేనండీ, కాదనను. కానీ ఆడమనిషై ఉండి ఆ గొంతేమిటండీ! పందిరంతా ఉలిక్కిపడింది."

పేరయ్యగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి అడిగారు.

"అన్నం ఎలా ఉంది?"