నిలబడ్డ కాలు

వంశీధర్‌కి ఒళ్లు మండిపోతోంది.

ఏడాదిగా తిండీ నిద్రా మానుకుని చేసిన పని అది. పుట్టుకతోనే రక్తనాళాలు ఉండచుట్టుకుపోయి గడ్డలా తయారైనవాళ్లకు సూదిమందు ఎక్కించడం, ముందూ వెనకా ఎమ్మారై తీసి ఎంత తగ్గిందో కొలవడం. అందరిలోకీ గొప్ప ఫలితం ఎస్తేరమ్మది. పిక్కలో గడ్డ డెబ్బై శాతం తగ్గింది. ఆవిడేమో నొప్పి అలాగే ఉందంటోంది!

"అబద్ధం సార్. డ్యూటీ తప్పించుకోవడానికి," అన్నాడు తనకు పని నేర్పుతున్న పెద్ద డాక్టరు కోదండపాణిగారితో. "వైద్యం పూర్తయిందని రాసేశాను. ఇక సూది అక్కర్లేదు."

బస్సు కండక్టరు ఎస్తేరమ్మ తలుపు దగ్గరే ఉంది. అంతా వింది.

"అబద్ధమాడ్డానికి సెలవు పెట్టుకుని ఇంతదూరం వచ్చానా బాబూ? మధ్యాన్నమయ్యేసరికి ఈ కాలు తెగ్గోసుకుందామనిపిస్తది. మీ ఫొటోకి నొప్పి లేదేమో. నాకుంది."

వంశీధర్ ఆమె వైపు తిరగనైనా లేదు. మనిషి ఎదురుగా నిలబడి మొత్తుకుంటుంటే కంప్యూటరు తెరకేసి చూసే చదువు ఏం చదువో!

కోదండపాణిగారు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టించి చూశారు.

"రెండోదాంట్లో మడమ ఎత్తుగా ఉందేం?"

"కింద దిండు పెట్టారు సార్. కాలు కదలకుండా ఉంటుందని."

"మొదటిసారి?"

"పెట్టలేదు సార్."

ఆయన ఎస్తేరమ్మ వైపు తిరిగారు. "కాసేపు నిలబడగలవా అమ్మా? ఓర్చుకోలేకపోతే చెప్పు, ఆపేద్దాం."

"నిలబడ్డమే కదండీ నా ఉద్యోగం."

"వంశీ, కింద కూర్చో. పిక్కమీద అరచెయ్యి ఆనించు. నేను చెప్పేదాకా తియ్యకు."

వరండాలో రోగులు తొంగి చూస్తున్నారు. వంశీధర్‌కి తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చున్నాడు. చేతికింద పిక్క మెత్తగా ఉంది. చూశారా అన్నట్టు తలెత్తాడు. ఆయన గోడ గడియారం చూస్తున్నారు.

ఐదు నిమిషాలకు అరచేతి కింద ఏదో నిండుతున్నట్టనిపించింది. పది నిమిషాలకు బిగిసింది, నీలంగా ఉబ్బి వేళ్ల సందుల్లోకి పొంగింది. వంశీధర్ మళ్లీ తలెత్తాడు. ఎస్తేరమ్మ పళ్లు బిగబట్టి కిటికీ చువ్వ పట్టుకుని ఉంది.

"నేను బస్సులో కాలు దిండుమీద పెట్టుకుని టికెట్లు కొట్టను బాబూ," అంది.

"ఎంత తగ్గిందని రాశావు?" అడిగారు కోదండపాణిగారు. ఆయనకు అంత కోపం రావడం వంశీధర్ ఎన్నడూ చూడలేదు.



ఆయన రిపోర్టు తీసి అతని ఒళ్లో పడేశారు. "ఇది దిండుమీద ఎత్తిపెట్టి, రక్తం దిగిపోయాక తీసిన పడుకున్న కాలు. ఈవిడది నిలబడ్డ కాలు. దాని సంగతి రాయి."

వంశీధర్ లేచి, ముందు తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. రాసిందంతా కొట్టేశాడు. మళ్లీ ఆమె కాళ్ల దగ్గర నేలమీదే కూర్చుని, ఏడాదిలో మొదటిసారి అడిగాడు.

"నొప్పి ఏ వేళకి మొదలవుతుందమ్మా?"