తలుపుకు ఆనుకున్న తాత

అబద్ధమనుకునేవాళ్లు ఇప్పుడే లేచి పోండి, మధ్యలో లేస్తే మాత్రం ఊరుకునేది లేదు!

పత్తికొండ అవతల, గుట్ట మీద జిలాని తాత ఆశ్రమం. నడివేసవిలో అక్కడి ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. అవి మామూలు ఎండలా? గోడ మీద నడవడానికి బల్లులు చెప్పులడిగిన ఎండలు!

వంట చేసే బీబమ్మ చక్కెర జబ్బు సూదిమందు అందులోనే ఉండాలి. గుట్ట మీద మరో ఫ్రిజ్ లేదు. సాయంత్రానికి ఇది బాగుపడకపోతే ఆమె పట్నంలో చెల్లెలింటికి పోవాల్సిందే. మందుబుడ్డిని తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి, మూట కట్టుకుని కూర్చుంది.

"నేనుండగా గుట్ట దిగుతావా అక్కా?" అని శిష్యుడు ఓబులేసు నడుం బిగించాడు.

ఏనుగంత ఫ్రిజ్‌ను చిటికెనవేలితో గోడకు దూరం జరిపాడు. వెనక జాలీ దుమ్ము దులిపితే, పొద్దు గుంకిందనుకుని కింది ఊళ్లో కోళ్లు గూళ్లలో దూరాయి. పై అరలో గాలి ఆడకుండా గడ్డకట్టిన మంచు కరిగించాడు. తలుపు రబ్బరు తుడిచాడు. స్విచ్ వేసి, తలుపు తెరిచి చెయ్యి పెట్టాడు. చల్లగా లేదు. మూశాడు. రెండు ఊపిరులు తీసి మళ్లీ తెరిచాడు. మళ్లీ మూశాడు. మళ్లీ తెరిచాడు. ఆ తలుపు విసురుకు గుట్ట మీద విసనకర్రలన్నీ మూలపడ్డాయి.

"ఓరి నాయనా, అది ఫ్రిజ్జా, నీ అత్తగారింటి గుమ్మమా?" అంది బీబమ్మ.

ఓబులేసు తాత ముందు కూలబడ్డాడు. "నావల్ల కాదు తాతా. ధ్యానంలో నా మనసూ ఇంతే. ఎంత చేసినా చల్లబడదు."

తాత చేటలో చింతచిగురు తెచ్చుకుని, ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"కాస్త జరుగు తాతా, ఒక్కసారి చూస్తా."

"నడుం నొప్పిరా. నువ్వూ కూర్చుని ఏరు."

ఏరాడు. చేట తర్వాత చేట. ఆ దెబ్బకు జిల్లాలో చింతచెట్లన్నీ బోడివైపోయాయి! ఏరుతూ ఏరుతూ ఓబులేసు ఫ్రిజ్ మాటే మరిచిపోయాడు.

పొద్దు వాలాక తాత పక్కకు జరిగాడు. బీబమ్మ తలుపు తీసింది. చలి ముఖాన కొట్టింది. గబగబా మందుబుడ్డి లోపల పెట్టి, మూట విప్పడానికి పోయింది.

"ఏం చేశావు తాతా?"

"చేయాల్సిందంతా నువ్వే చేశావు కదరా. నేను తలుపు తెరవనివ్వలేదు, అంతే."

ఓబులేసు తలుపు మెల్లగా మూసి, ధ్యానం గదికి నడిచాడు.

ఇంకా అనుమానమా? గుట్ట కింద సోడాల హుసేనప్పను అడగండి. ఆ సాయంత్రం ఆ ఫ్రిజ్‌లోని నీళ్లు తాగినందుకు ఈనాటికీ ఆయన పళ్లు జివ్వుమంటున్నాయి!