దొడ్డకొండ నోరు మూసుకున్న రోజు

ఒకప్పుడు కొండలకి నోరుండేది. ఉండడమంటే అలా ఇలా కాదు, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా ఒకటే వాగుడు. "ఈ ఏడు వానలు ముందే వస్తాయి చూడండి", "ఆ మేక నా నెత్తి మీద తుమ్మింది", "మీ ముత్తాత నా ఒళ్ళోనే ఆడుకున్నాడు తెలుసా" అంటూ, వినేవాళ్ళున్నా లేకపోయినా చెప్పుకుపోయేవి.

అన్నిట్లోకీ దొడ్డకొండ పెద్ద వాగుడుకాయ. కాసేపు దాని భుజం మీద కూర్చుందామని వచ్చిన మబ్బు, ఆ కబుర్లు భరించలేక పక్క ఊరికి పోయి కురిసేది.

ఆ కొండ కింద నీలాలు అనే ఆమె ఉండేది. కొండ మీద చీపురుగడ్డి కోసి, కట్టలు కట్టి సంతలో అమ్ముకునేది. ఆమెకి ఒక్కతే కూతురు, గున్నమ్మ. రెండేళ్ళ పిల్ల. బుగ్గలెంతో మొండితనమూ అంతే. చెప్పులు తనే వేసుకోవాలి, అదీ కుడిది ఎడమకాలికి. నీళ్ళు తనే తాగాలి, సగం బొజ్జ మీదకే. సాయం చేద్దామని ఎవరైనా చెయ్యి పెట్టారో, నేల మీద పడి కాళ్ళు కొట్టుకునేది.

"నీళ్ళబుర్ర తేయే" అంటే తెచ్చేది. "మేక ఏదే?" అంటే వేలు పెట్టి చూపించేది. అన్నీ తెలుసు. నోట మాత్రం ఒక్క మాట లేదు. నీలాలుకి అదే దిగులు.

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? కనిపించిన ప్రతివాళ్ళూ పిల్ల గడ్డం పట్టుకుని, "అత్త అను! తాత అను!" అని ఒకటే పోరు. ఒకామె వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది. ఆ ఘాటుకి పిల్ల మూతి ఇంకా గట్టిగా బిగించుకుంది.

ఇదంతా చూసి దొడ్డకొండ గొంతు సవరించుకుంది. "నీలాలూ, బెంగపడకే! మాటలు నేర్పడం నాకన్నా ఎవరికి తెలుసు? పిల్లని నాకొదిలెయ్."

ఇక చూడండి కొండగారి చదువు. "అను, బండ! అను, కొండ! అను, కొండచిలువ! నోరు తెరు! ఏదీ, ఇంకా అనవేం?"

పాపం గున్నమ్మ నోరు తెరిచేది. మాట కడుపులోంచి గొంతులోకి రావడానికి ఆ వయసులో కొంచెంసేపు పడుతుంది. ఆ కొంచెంసేపు ఆగడం కొండకి చేతకాదు. "అలా కాదు, ఇలా" అంటూ తనే అందుకునేది. చివరికి పిల్ల రెండు చెవులూ మూసుకుని బోర్లా పడుకునేది.

చీపురుగడ్డి మనిషి కన్నా ఎత్తు పెరుగుతుంది. కోసేవాళ్ళకి ఒకరికొకరు కనబడరు. అందుకని ఆ ఆడవాళ్ళకొక అలవాటు. నడుమ నడుమ ఒకరు "కూ" అంటారు, అవతలినుంచి మరొకరు "కూ" అంటారు. అలా అంటే అందరూ ఉన్నట్టే. గున్నమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఇది రోజూ వింటూ ఉండేది.

ఒకరోజు కొండంతా మంచు కమ్ముకుంది. పేడపురుగు ఒకటి ఉండ దొర్లించుకుంటూ గోనెపట్టా ముందునుంచి పోయింది. గున్నమ్మ దాని వెనకాలే పోయింది. నీలాలు వెనక్కి తిరిగి చూస్తే పట్టా ఖాళీ!

"ఓలమ్మో! నా పిల్లేదర్రా!" అని నీలాలు గుండెలు బాదుకుంది. అవతల పక్క లోయ. ఒక్క అడుగు తప్పిందా, అంతే.

దొడ్డకొండకీ భయం పట్టుకుంది. మేకలూ కుందేళ్ళూ తన ఒంటి మీద ఎన్నో తిరుగుతుంటాయి, వాటిలో గున్నమ్మ పాదం ఏదో దానికి తెలియలేదు. భయం వేసినా దానికి వచ్చిన విద్య ఒక్కటే కదా, అరవడం! "గున్నమ్మా! అటు పోకు! ఇటు రా! కదలకు! లే! కూర్చో!"

పిల్ల అలికిడి కోసం గడ్డిలో వెతుకుతున్న గాలికి ఒళ్ళు మండింది. "మావా, కాసేపు నోరు మూస్తావా? నీ గోలలో నాకేటీ వినబడ్డం లేదు!"

కొండ నోరు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. గడ్డి మీంచి మంచుబొట్లు రాలే చప్పుడు వినిపించింది. ఆ వెనకాల, ఎక్కడో, చాలా సన్నగా...

"కూ."

గున్నమ్మే! కొండ "భలే! ఇంకోసారి అను!" అనబోయి పెదవి కొరుక్కుంది. నోరు తెరిస్తే పిల్ల మళ్ళీ మూతి బిగిస్తుందని దానికి తెలిసింది. కానీ ఆ చిన్న గొంతు దూరాన ఉన్న తల్లిదాకా ఎలా పోతుంది? కొండ కాసేపు ఆగింది. పిల్ల అనడం అయిందని చూసుకుని, ఆ మాటనే, దానికేమీ కలపకుండా, లోయంతా వినబడేలా తిరిగి పలికింది.

"కూ!"

గున్నమ్మ తల ఎత్తింది. ఎవరో తన మాట విన్నారు! అలా కాదని అననూ లేదు! పిల్ల కిలకిలా నవ్వింది. "కూ!" అంది. కొండ ఆగి, "కూ!" అంది. నీలాలు ఆ పిలుపు పట్టుకుని గడ్డిని చీల్చుకుంటూ వస్తోంది. అప్పుడు గున్నమ్మ ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"అమ్మ!"

"అమ్మ!" అంది కొండ.

లోయ అంచున రాతి మీద కూర్చున్న పిల్లని నీలాలు అందుకుని గుండెకి హత్తుకుంది. "నా తల్లే! నన్నేనా? నన్నేనా అమ్మా అన్నావు?" అని ఏడుస్తూనే నవ్వింది. తర్వాత కొండవైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "కొండ మావా, నీ గొంతంతా నా పిల్లకిచ్చేసినావు. బతికున్నన్నాళ్ళూ నీ మేలు మరవను!"

కొండకి చెప్పాలని చాలా ఉంది. అయినా కాసేపు ఆగి, "మరవను!" అని మాత్రం అంది.

ఆనాటినుంచి కొండా నీలాలూ పని పంచుకున్నారు. గున్నమ్మ "బువ్వ" అంటే కొండ "బువ్వ" అనేది. నీలాలు పక్కనుంచి "వేడి బువ్వ" అని ఒక ముక్క కలిపేది. రెండు రోజులకి పిల్ల నోట "వేడి బువ్వ" వచ్చేసేది. పిల్లకి కోపమొచ్చి కాళ్ళు కొట్టుకుంటే, కొండ కిక్కురుమనకుండా ఉండేది, నీలాలు పక్కన కూర్చునేది. ఏడుపు తగ్గాక ఒళ్ళోకి తీసుకునేది. మళ్ళీ గడ్డి కోతలు వచ్చేసరికి గున్నమ్మ కబుర్లకి అడ్డూ ఆపూ లేదు!

"పిల్లకి మాటలొచ్చేశాయిగా మావా, ఇక నీ కబుర్లు మొదలెట్టుకోవచ్చు" అంది గాలి.

కొండ మెల్లగా, ఆఖరిసారి, తన సొంత మాట మాట్లాడింది. "ఇన్నేళ్ళు వాగాను, నాతో మాట్లాడినవాళ్ళే లేరు. ఊరుకుంటే ఒక పసిపిల్ల మాట్లాడింది. ఇంత సంతోషం నాకెవరిచ్చారు చెప్పు? ఇంకో రెండేళ్ళ పిల్ల రాకుండా ఉంటుందా? నేను వాగుతూ కూర్చుంటే ఆ గొంతు నాకెలా వినబడుతుంది?"

గాలి ఆ మాట కొండ కొండకీ మోసుకుపోయింది.

అప్పటినుంచే కొండలన్నీ సొంత మాట మానేశాయి. మనం పిలిస్తేనే పలుకుతాయి. అదీ వెంటనే కాదు, మనం అనడం అయిందా లేదా అని కాస్త ఆగి చూసుకుంటాయి. ఎంత పొడుగు మాట చెప్పినా చివరి ముక్కే తిరిగిస్తాయి, రెండేళ్ళ నోటికి పట్టేది అంతే కదా! మీసాలు నెరిసిన తాతగారు వెళ్ళి కేకేసినా అంతే. కొండ లెక్కలో ఆయనకీ ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. అలా కాదని మాత్రం అది ఇప్పటిదాకా ఎవర్నీ అనలేదు.